పాసులు లైన్ దగ్గరే ఎందుకు పడిపోతున్నాయి: మా పెరట్లో పీవీసీ గోడ కట్టి చూసిన డైరీ

సెప్టెంబర్, రెండో గురువారం రాత్రి

ఇవాళ మావాడి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో నాలుగు పాసులు రిసీవర్ (పాసు అందుకోవాల్సిన ఆటగాడు) దాకా వెళ్లనే లేదు. చేతిలోంచి బయటపడి పది పన్నెండు అడుగులు వెళ్లాయో లేదో, అవతలి టీమ్ లైన్‌మన్ చెయ్యి తగిలి అక్కడే రాలిపోయాయి. నాలుగోది రాలిపోలేదు, అది ఇంకా ఘోరం, గాల్లోకి లేచింది, ఆ గుంపులో ఎవరో అందుకుని పరిగెత్తాడు.

మేముండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. మావాడు తొమ్మిదో క్లాసు, స్కూల్ ఫ్రెష్‌మన్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఈ ఆట చూడనివాళ్ల కోసం ఒక్క మాట: ప్రతిసారీ ఆట మొదలయ్యేచోట బంతి పెట్టిన స్థానం మీదుగా మైదానానికి అడ్డంగా ఒక గీత ఉందనుకుంటారు, దానికి అటూ ఇటూ రెండు టీముల బలమైన ఆటగాళ్లు ఎదురెదురుగా వంగి నిలబడతారు. ఆ గీతే లైన్ ఆఫ్ స్క్రిమేజ్, అలా నిలబడేవాళ్లు లైన్‌మన్‌లు. క్వార్టర్‌బ్యాక్ తనవాళ్ల వెనక నిలబడి ఈ మనుషుల గోడ దాటించి బంతి విసరాలి.

స్టాండ్స్‌లో మా వెనక కూర్చున్న ఒకాయన "కుర్రాడు పొట్టి, అందుకే" అనడం నాకు వినపడింది. మావాడికి ఎవరు చెప్పారో తెలీదు కానీ కారులో ఇంటికి వస్తుంటే అడిగాడు, "నాన్నా, నేను ఇంక పెరగనా?" అని. వాడికి ఆ రాత్రి ఏ జవాబూ చెప్పలేకపోయాను. కొలిచి చూద్దాంరా అన్నాను.

శనివారం

ముందు కొలతలు. గరాజ్ పక్కగోడ మీద అడుగడుక్కీ నీలం టేపు అంటించాం, ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీశాం. వాణ్ని గోడకు బాగా దగ్గరగా, గోడ వెంబడే విసరమన్నాను, దూరంగా నిలబడితే కెమెరాలో ఎత్తు తప్పు చూపిస్తుంది కదా.

బంతి చెయ్యి వదిలే ఎత్తు ఏడడుగులైనా ఉంటుందనుకున్నాను, ఎందుకంటే చెయ్యి పైకెత్తి విసురుతాడు. పదిసార్లు తీస్తే పదిసార్లూ 6 అడుగుల 3 అంగుళాలకూ 6 అడుగుల 5 అంగుళాలకూ మధ్యే వచ్చింది. ముందుకు అడుగు వేసినప్పుడు ఒళ్లంతా కిందికి దిగుతుంది, చెయ్యి కూడా నిటారుగా ఉండదు, పక్కకు వాలి ఉంటుంది.

తర్వాత పార్కుకు వెళ్లి 12 గజాల దూరంలో నిలబడ్డ నాకు విసిరాడు. బంతికి పట్టిన సమయం 144 ఫ్రేములు, అంటే 0.6 సెకన్లు. సెకనుకు 60 అడుగులు, గంటకు దాదాపు 41 మైళ్ల వేగం. ఈ లెక్కతో బంతి దారి గీస్తే, లైన్‌మన్ నిలబడే చోట, అంటే వాడికి 12 అడుగుల దూరంలో, బంతి 7 అడుగుల ఎత్తులో ఉంటోంది. అదే దాని గరిష్ఠం, అక్కణ్నుంచి దిగడమే.

మా పక్కింటాయన ఒకప్పుడు కాలేజీ టీమ్‌లో డిఫెన్సివ్ ఎండ్‌గా, అంటే ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే లైన్ చివరి ఆటగాడిగా ఆడినవాడు, 6 అడుగుల 4 అంగుళాలు. ఆయన్ని గోడ దగ్గర నిలబెట్టి చేతులెత్తమంటే వేళ్ల కొసలు 8 అడుగుల 4 అంగుళాల దగ్గర ఆగాయి. ఎగరకుండానే!

అక్కడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. 7 అడుగులు ఎక్కడ, 8 అడుగుల 4 అంగుళాలు ఎక్కడ? బంతి వాళ్ల చేతుల మీదుగా పోవడం లేదు. హెల్మెట్లకు కాస్త పైన, చేతుల మధ్య సందుల్లోంచి పోతోంది. అదే 35 గజాల పాసయితే ఆ చోటికి వచ్చేసరికే 10 అడుగులు దాటేస్తోంది, గోల్‌పోస్ట్ అడ్డకడ్డీ ఎత్తు అన్నమాట, దాన్ని అందుకోవడం చాలా కష్టం. గురువారం నాటి వీడియో మళ్లీ చూశాం. పడిపోయిన నాలుగూ దగ్గరి పాసులే.

ఆదివారం

సందులు ముఖ్యమైతే సందులు కట్టాలి. పదడుగుల పీవీసీ పైపులు మూడు, ఐదు గాలన్ల బకెట్లు మూడు, ఇసుక, పిల్లలు ఈత కొలనులో పట్టుకునే ఫోమ్ గొట్టాలు ఆరు తెచ్చాను. ఒక్కో బకెట్లో ఒక పైపు, ఒక్కో పైపుకు రెండు ఫోమ్ చేతులు, కొసలు సరిగ్గా 8 అడుగుల 4 అంగుళాల దగ్గర. మధ్యాహ్నానికి గాలి లేచి మూడూ పడిపోయాయి. బకెట్ల చుట్టూ ఇసుక బస్తాలు పెడితే నిలబడ్డాయి. పెరడు చాలలేదు, కంచె అడ్డం వస్తోంది, అన్నీ వ్యాన్‌లో వేసుకుని మళ్లీ పార్కుకే.

కదలని చేతుల మధ్య నుంచి 30 పాసులు వేస్తే ఆరు తగిలాయి. అలవాటు పడ్డాక ఇంకా తగ్గాయి. ఎందుకంటే సందు ఎక్కడుందో ముందే కనపడుతోంది. అసలు ఆటలో చేతులు ముందు కిందే ఉంటాయి, విసిరేవేళకు లేస్తాయి. కాబట్టి ఈ గోడ సగం పనికే పనికొస్తుంది, మిగతా సగానికి మనిషి కావాలి. పక్కింటాయన వచ్చే శనివారం వస్తానన్నాడు.

మూడో శనివారం: ఎత్తు పరీక్ష

ఈ పరీక్ష మావాడి కోసం చేశాను, ఇది చేయకుండా ఇంకేం చెప్పినా వాడు నమ్మడు.

2x8 చెక్కలు అంటారు కానీ నిజానికి వాటి వెడల్పు ఏడుంపావు అంగుళాలు. వాటితో చట్రం చేసి పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్ బిగిస్తే కచ్చితంగా 8 అంగుళాల ఎత్తు అరుగు తయారైంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అడుగేసి విసరడానికి సరిపోతుంది. దాని మీద నిలబడితే మావాడు 6 అడుగుల 5 అంగుళాల మనిషి, బఫెలో బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ ఎత్తు.

పక్కింటాయన 12 అడుగుల దూరంలో, మావాడు ఆయనకు తిన్నగా వెనకున్న నాకు విసరాలి, ఆయన తనకిష్టమొచ్చినట్టు చేతులెత్తొచ్చు. నేల మీద నుంచి 20 పాసులు: తొమ్మిదింటికి చెయ్యి తగిలింది. అరుగు మీద నుంచి 20: ఏడింటికి.

రెండే తేడా. ఇరవై పాసులతో ఏదీ తేలిపోదని నాకూ తెలుసు, కానీ లెక్క కూడా ఇదే చెబుతోంది, ఎనిమిది అంగుళాలు పెరిగినా బంతి లైన్ దాటేటప్పుడు ఏడున్నర అడుగుల దగ్గరే ఉంటుంది, ఆ చేతుల కంటే ఇంకా పది అంగుళాలు కిందే. ఎత్తు అసలు పనికిరాదని అనను. చేతులు సగమే లేచినప్పుడు ఆ ఎనిమిది అంగుళాలు కాపాడతాయి, ఎదుటివాళ్ల భుజాల మీదుగా చూడ్డానికీ పనికొస్తుంది. కానీ చేతులు పూర్తిగా లేచిపోతే పొడుగువాడికీ పొట్టివాడికీ దారి ఒకటే, సందు.

వాడికి పేర్లు కూడా చెప్పాను. మాకు పక్కనే ఉన్న అలెన్ హైస్కూల్‌లో కైలర్ మర్రే ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టిన 42 ఆటల్లో ఒక్కటి కూడా ఓడిపోలేదు, మూడుసార్లు స్టేట్ ఛాంపియన్. 2019లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) టీములు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికయ్యేటప్పుడు కొలిస్తే 5 అడుగుల 10 అంగుళాల పైన ఒక పిసరు. 2023లో మొదటి ఎంపిక బ్రైస్ యంగ్‌దీ అదే ఎత్తు. ఆస్టిన్‌లో హైస్కూల్ చదివిన డ్రూ బ్రీజ్ ఆరడుగులే, రిటైరయ్యేనాటికి 80,358 గజాల పాసింగ్‌తో అప్పటి రికార్డు ఆయనదే. ఈ ముగ్గురికీ చేతుల మీదుగా విసిరేంత ఎత్తు లేదు. మరి సందు ఎలా దొరికింది? వాడు అరుగు దిగి దాని మీదే కూర్చుని ఇదే అడిగాడు.

అదే రాత్రి

నిద్ర పట్టలేదు. ఒక లెక్క కుదరడం లేదు.

బంతి 12 అడుగులు వెళ్లడానికి 0.2 సెకన్లు. కంటికి ఏదైనా కనపడి ఒళ్లు కదలడం మొదలవడానికే మనిషికి దాదాపు అంత పడుతుంది, ఆపైన గుండెల దగ్గరున్న చేతులు పైదాకా లేవాలి. అంటే బంతి చేతిలోంచి వచ్చాక చూసి కొట్టడం ఎవరివల్లా కాదు. అయినా కొడుతున్నారు. అంటే వాళ్లు బంతిని చూసి కొట్టడం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, కృష్ణా జిల్లాలో మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో సాయంత్రాలు వాలీబాల్ ఆడేవాళ్లం, నేను నెట్ దగ్గర బ్లాక్ చేసేవాణ్ని. నాకు నేర్పిన సీనియర్ ఒకే మాట పదేపదే చెప్పేవాడు: "బంతి వైపు చూడకురా, వాడి భుజం చూడు." స్మాష్ కొట్టేవాడి భుజం ఎటు తిరిగిందో, చెయ్యి ఎప్పుడు వెనక్కి వెళ్లిందో చూసి ఎగిరితేనే బ్లాక్ పడేది. బంతిని చూస్తూ ఎగిరితే అది ఎప్పుడో దాటిపోయేది. ఇక్కడ జరిగేదీ అదేనని నాకు గట్టిగా అనిపించింది. రేపు అడగాలి.

ఆదివారం: ఎడమ చెయ్యి

పక్కింటాయన్ని అడిగితే క్షణం ఆలోచించకుండా చెప్పాడు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుంటాడు, విసరబోయే ముందు ఎడమ చెయ్యి బంతిని వదిలేస్తుంది. అది వదిలిందంటే నీ చేతులు పైకి లేవాలి. ఇంకా క్వార్టర్‌బ్యాక్ దాకా చేరలేకపోయినవాడికి కోచ్‌లు నేర్పే పాఠం ఇది, పట్టుకోలేకపోతే అడ్డుపడు అని.

వెంటనే పరీక్ష పెట్టాం, ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే. మొదటి 20 పాసులకు షరతు: బంతి మావాడి చెయ్యి పూర్తిగా వదిలాకే ఆయన చేతులు కదలాలి. ఒక్కటే తగిలింది. తర్వాతి 20కి: ఎడమ చెయ్యి బంతిని వదలగానే లేపొచ్చు. పది తగిలాయి.

ఒకటి, పది. మనిషి మారలేదు, ఎత్తు మారలేదు, దూరం మారలేదు.

స్లో మోషన్‌లో చూస్తే ఎడమ చెయ్యి వదలడం నుంచి బంతి బయటికి రావడం దాకా 132 ఫ్రేములు, 0.55 సెకన్లు. దానికి బంతి ప్రయాణం 0.2 కలిపితే ముప్పావు సెకను. చేతులెత్తడానికి ఆయనకు అది ధారాళంగా సరిపోతుంది. ఇంత సమయం ఎందుకు పోతోందంటే మావాడు విసిరే ముందు బంతిని నడుము దాకా దించి, వెనక నుంచి చుట్టు తిప్పి తెస్తున్నాడు. చిన్నప్పటి నుంచి దూరం విసరాలనే తాపత్రయంతో వచ్చిన అలవాటు, అలా తిప్పితే ఎక్కువ బలం వస్తుందని వాడి నమ్మకం. ఎనిమిది గజాల పాసుకు ఆ బలం దేనికి?

ఇప్పుడు చేయాల్సిన పని తెలిసింది. బంతిని ఛాతీ పైనే ఉంచి అక్కణ్నుంచి చెవి దగ్గరికి, చెవి నుంచి ముందుకు. రోజుకు 50, గోడకేసి, బంతి నడుము కిందికి దిగితే లెక్కలోకి రాదు.

మంగళవారం

మా అమ్మ నాలుగు నెలలు ఉందామని ఇండియా నుంచి వచ్చింది. పార్కులో ఫోన్ పట్టుకునే పని ఆవిడదే. ఈ ఆట ఆవిడకు అసలు తెలియదు. కుర్చీలో కూర్చుని ఓ అరగంట చూసి నన్ను పిలిచింది. "ఏరా, వీడు ఎటు వేస్తాడో నాకు ముందే తెలిసిపోతోంది. అటే గుడ్లప్పగించి చూస్తాడు కదరా."

అందులో అక్షరం తప్పు లేదు. నేను చేతులే చూస్తున్నాను, ఆవిడ మొహం చూసింది. ఎడమ చెయ్యి ఎప్పుడు అనేది చెబుతోంది, కళ్లు ఎటు అనేది చెబుతున్నాయి. రెండూ కలిస్తే లైన్‌మన్‌కు ఇంకేం కావాలి.

మావాడు "నానమ్మా, నువ్వు డిఫెన్స్ కోచ్‌వి" అని దగ్గరికెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఆటే మార్చాం: నేను కుడివైపు, మా ఆవిడ ఎడమవైపు, ఎవరికి వేస్తాడో నానమ్మ ముందే చెప్పాలి. ఆవిడ తప్పు చెబితే వాడికి పాయింటు. మొదటి రోజు పదికి తొమ్మిది ఆవిడే గెలిచింది.

నాలుగో శనివారం

ఎత్తి వేస్తే సరిపోదా అని మావాడు అడిగాడు, న్యాయమైన ప్రశ్న, కాబట్టి అదీ చూశాం. చేతుల మీదుగా పోయేలా గుండ్రంగా ఎత్తి వేస్తే 12 గజాల పాసు చేరడానికి 0.6 బదులు 0.9 సెకన్లు దాటుతోంది. ఆ మిగులు మూడో వంతు సెకనులో వెనకున్న డిఫెన్స్ కుర్రాడు రెండు గజాలు పరిగెత్తుకొచ్చేస్తాడు. లైన్ దగ్గర పడిపోతే పోయేది ఒక డౌన్ (పది గజాలు సాధించడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి), అక్కడ దొరికిపోతే బంతే పోతుంది. అక్కడితో వదిలేశాం.

అసలు పని సందు వెతకడం. చేతులెత్తిన మనిషి దాదాపు మూడడుగుల వెడల్పు మూసేస్తాడు. అతను 12 అడుగుల దూరంలో ఉంటే మన చూపులో 14 డిగ్రీలు, 6 అడుగుల దగ్గరికి వస్తే 28 డిగ్రీలు. దూరం సగమైతే మూత రెట్టింపు. అందుకే మన లైన్‌ను అవతలివాళ్లు వెనక్కి నెట్టేసిన రోజున ఎంత పొడుగు క్వార్టర్‌బ్యాక్ పాసులైనా పడిపోతాయి, మావాడి నాలుగు పాసుల్లో రెండింటికి కారణం అదే. తప్పు విసిరేవాడి చేతిది కాదు, ముందు నిలబడాల్సినచోట నేల దక్కలేదు.

కానీ ఆరడుగుల దూరంలో ఉన్న మనిషిని తప్పించడానికి ఎంత జరగాలి? ఒక్క అడుగు పక్కకు. పరిగెత్తక్కర్లేదు, రెండు చేతులూ బంతి మీదే ఉంచి, పాదాలు నేలకు దగ్గరగా జార్చుకుంటూ ఒక అడుగు, అంతే, ఆ భుజం పక్కన కొత్త సందు తెరుచుకుంటుంది. ఇది పీవీసీ గోడతో బ్రహ్మాండంగా కుదిరింది. నేను స్నాప్ (ఆట మొదలు) అని అరుస్తూ ఒక బకెట్‌ను అటో ఇటో లాగేస్తాను, వాడు జరిగి కొత్త సందులోంచి వేయాలి. మధ్యలో పంప్ ఫేక్ కూడా కలిపాం. విసిరినట్టు భుజం కదిపి ఆపేస్తే పక్కింటాయన చేతులు లేచి దిగాయి, మళ్లీ లేపేలోపు బంతి వెళ్లిపోయింది. ప్రతిసారీ చేస్తే ఆయన మోసపోవడం మానేశాడు, అప్పుడప్పుడే వాడాలి.

చివర్లో పాత షరతులతోనే 20 వేశాం, ఎడమ చెయ్యి చూసి ఎగరొచ్చు. నాలుగు తగిలాయి. విసిరే సమయం 0.55 నుంచి 0.46కి దిగింది.

ఐదో శనివారం: తగిలాక ఏం చేయాలి

ఇది మొదట్లో నా లిస్టులో లేదు. ఎంత చేసినా కొన్ని తగులుతాయి, మరి అప్పుడు?

2012 జనవరిలో నేను హ్యూస్టన్‌లో ఉండేవాణ్ని, అక్కడి ఎన్ఎఫ్ఎల్ టీమ్ టెక్సన్స్ వాళ్లు మొదటిసారి ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ ఆటలు) ఆడుతున్నారని ఊరంతా టీవీల ముందే ఉంది. జె.జె. వాట్ అప్పుడు టెక్సన్స్ డిఫెన్స్‌లో కొత్తగా వచ్చిన కుర్రాడు. సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ విసిరిన బంతిని లైన్ దగ్గరే, కొట్టడం కాదు, రెండు చేతులతో పట్టేసుకుని 29 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం) చేశాడు. డాల్టన్ 6 అడుగుల 2 అంగుళాలు, ఆయన్ని పొట్టివాడని ఎవరూ అనరు. ఆ ఏడే మొదలైన తర్వాతి సీజన్లో వాట్ 16 పాసులకు అడ్డుపడ్డాడు, దాంతోపాటు 20.5 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడేయడం), జనం ఆయన ఇంటిపేరునే స్వాట్ (కొట్టి పడేయడం) అని మార్చేశారు. 

డిఫెన్స్ చెయ్యి తగిలిన బంతిని నేల తాకే లోపు ఎవరైనా పట్టుకోవచ్చు, విసిరినవాడితో సహా. క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ ఎన్ఎఫ్ఎల్‌లో పూర్తిచేసిన మొట్టమొదటి పాసు 1992లో అలా తగిలి వెనక్కొస్తే తనే పట్టుకున్నది, దానివల్ల 7 గజాలు పోయాయి. 2018 జనవరిలో మార్కస్ మారియోటా తన బంతి తనే పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. మావాడికి మారియోటా వీడియో తెగ నచ్చింది. నేను ఫావ్ర్ కథ దగ్గరే ఆపాను: నీ దగ్గరికి లేచి వస్తే, ముందు ఖాళీ లేకపోతే, నేలకేసి కొట్టు. నేల తాకితే పాసు అయిపోయినట్టే, గజం కూడా పోదు. ఫోమ్ చేతి మీద నుంచి నేను బంతి ఎగరేస్తుంటే పాతికసార్లు కొట్టించాను.

అక్టోబర్ చివరి గురువారం

వాన పడేలా ఉంది, పడలేదు. అవతలి టీమ్ లైన్‌మన్‌లలో ఒకడు మా పక్కింటాయన అంత ఉన్నాడు, వాణ్ని చూడగానే నాకు టెన్షన్. అమ్మ దుప్పటి కప్పుకుని స్టాండ్స్‌లో మా ఇద్దరి మధ్య కూర్చుంది.

మావాడు 19 పాసులు వేశాడు. మొదటి సగంలో ఒక్కటీ తగల్లేదు. ఆ పొడుగు కుర్రాడు రెండుసార్లు ఎగిరాడు, రెండుసార్లూ బంతి వాడి మోచేతి పక్క నుంచి పోయింది, ఒకసారైతే మా లెఫ్ట్ గార్డ్ (మా లైన్‌లో ఎడమవైపు ఆటగాడు) ఆ కుర్రాణ్ని గాల్లో ఉండగానే పక్కటెముకల దగ్గర నెట్టేశాడు, కాళ్లు నేల మీద లేనివాణ్ని నెట్టడం ఎంత తేలికో అప్పుడు చూశాను. అమ్మ ప్రతి పాసుకూ ముందు నా చెవిలో ఎటో చెబుతూనే ఉంది, నేను లెక్క పెట్టాను, 19కి 11.

మూడో క్వార్టర్లో ఒకటి తగిలింది. వీడియోలో చూస్తే మావాడి తప్పేమీ కనపడలేదు, చెయ్యి త్వరగానే వచ్చింది, కళ్లు వేరేవైపే ఉన్నాయి, ఆ కుర్రాడు ఊహించి ముందే ఎగిరాడు. బంతి తిన్నగా పైకి లేచింది. కింద ముగ్గురు చేతులు చాచి ఉన్నారు. మావాడు రెండడుగులు ముందుకేసి ఎగిరి, అరచేత్తో నేలకేసి కొట్టాడు.

సెకండ్ డౌన్, పది గజాలు. మళ్లీ గుంపుగా నిలబడి తర్వాతి ఆట మాట్లాడుకుంటున్నారు.